దువ్వాడలో రెండే నిమిషాలు

ప్రశ్న: పెద్దమ్మగారికి నమస్కారం. మాది విశాఖలో కూర్మన్నపాలెం. మా ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఐదు. మా అత్తగారు మాతోనే ఉంటారు. పోయిన వేసవిలో తిరుపతి వెళ్లడానికి దువ్వాడలో రైలెక్కాం. రైస్ కుక్కర్‌తో సహా మొత్తం పదకొండు శాల్తీలు. రైలు ఆగింది రెండు నిమిషాలే. మూడు బ్యాగులు పక్క బోగీలో పడేశాం, ఒకటి ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయింది. అత్తగారి బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. తిరుపతి చేరేదాకా అందరూ నన్నే అన్నారు. ఈ దసరా సెలవుల్లో ఎనిమిది రోజులు మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, తిరువనంతపురం వెళ్దామనుకుంటున్నాం. వెళ్లేటప్పుడు చెన్నై మీదుగా రైలు, వచ్చేటప్పుడు విమానం. సామాను తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది. "ఊరు కాని ఊర్లో ఏటి తింటాం" అని అత్తగారు అప్పుడే జంతికలకి పిండి ఆడించేశారు. తక్కువ సామానుతో, ఏదీ మర్చిపోకుండా వెళ్లేదెలా? మీరు మా అమ్మ వయసువారు, నన్ను నువ్వు అనే అనండి.

జవాబు:

తల్లీ, పదకొండు శాల్తీలూ ఎక్కడెక్కడ పడ్డాయో వివరంగా రాశావు. అవి ఎవరు సర్దారో మాత్రం రాయలేదు. రాయక్కర్లేదులే, 'అందరూ నన్నే అన్నారు' అన్న ముక్కలోనే తెలిసిపోయింది. అయిదుగురి బట్టలూ, మందులూ, చార్జర్లూ ఒక్క చేత్తో సర్దితే ఏది ఎక్కడుందో ఆ ఒక్క మనిషికే తెలుస్తుంది. ఇక రైలెక్కిన దగ్గర్నుంచీ నా దువ్వెనేదీ, నా బనీనేదీ, చార్జరెక్కడ పెట్టావు అని మొదలు. దొరక్కపోతే తప్పు నీది. దొరికితే ఎవరూ మెచ్చుకోరు. పైగా మనకోసం మనం సర్దుకునేటప్పుడు 'రెండు చాల్లే' అనుకుంటాం. ఇంకొకళ్లకి సర్దేటప్పుడు 'నాలుగు ఉండనీ, మళ్లీ మాట పడాలి' అనుకుంటాం. మీ పదకొండు శాల్తీల్లో సగం ఆ భయానివే అయి ఉంటాయి.

కాబట్టి ఈసారి ఎవరి బ్యాగు వాళ్లే సర్దుకోవాలి, వాళ్లే మోసుకోవాలి. ఏ షిఫ్టుకైనా క్యారేజీ, హెల్మెట్, గేట్ పాసు మర్చిపోకుండా వెళ్లే మనిషి ఎనిమిది రోజులకి ప్యాంట్లు, చొక్కాలు సర్దుకోలేడా? మీవాడు రోజూ బడికి మోసే పుస్తకాలతో పోలిస్తే మూడు నిక్కర్లు, మూడు చొక్కాలు ఒక లెక్కా? ఆ బడి బ్యాగే ఖాళీ చేసి ఇవ్వు. వాడు సర్దాక నువ్వు తీసి మళ్లీ సర్దకు, అది ముఖ్యం. ఒక్కసారి జిప్పు తీసి చూసి, లోపలి బట్టలు ఉన్నాయో లేవో అడుగు చాలు. ఏదైనా మర్చిపోతే మదురైలో కొనుక్కుంటాడు. అదేమీ అడవి కాదు.

నా లెక్క ప్రకారం మీకు ఆరు శాల్తీలు సరిపోతాయి. మీ ఆయనకి చక్రాల సూట్‌కేసు ఒకటి, అత్తగారి చీరలు కూడా అందులోనే. నీకొకటి, అమ్మాయికి భుజాన వేసుకునేది ఒకటి, అబ్బాయికి బడి బ్యాగు. అత్తగారికి భుజానికి తగిలించుకునే చిన్న చేతిసంచి. ఆరోది తిండి సంచి, అది మీ ఆయన రెండో చేతికి. చెన్నై చేరేసరికి అది ఖాళీ అయిపోవాలి.

సర్దడం అయ్యాక, లిఫ్టు ఎక్కకుండా అయిదుగురూ ఎవరి సామాను వాళ్లు పట్టుకుని మెట్లు దిగి మళ్లీ ఎక్కండి. మీ ఇంటికి మెట్లు లేకపోతే వీధి చివరిదాకా నడిచి రండి. ఎవరైనా మధ్యలో సామాను కింద పెట్టారంటే వాళ్ల బ్యాగులోంచి రెండు వస్తువులు తీసేయాల్సిందే. పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు. మీ ఆయన విసుక్కుంటాడు, విసుక్కోనీ.

దువ్వాడలో ఎక్కడం భయమైతే విశాఖ స్టేషన్‌కే వెళ్లి ఎక్కొచ్చు. మన స్టేషన్‌లోకి వచ్చే హౌరా, చెన్నై రైళ్లు వచ్చిన దిక్కునే వెనక్కి తిరగాలి కాబట్టి ఇంజిను ఈ కొస నుంచి తీసి ఆ కొసకి తగిలిస్తారు. అంతసేపూ రైలు ఆగుతుంది, సావకాశంగా ఎక్కొచ్చు. కానీ మీ దగ్గర్నుంచి అంత దూరం ఆటోలో సామాను వేసుకుని వచ్చేకంటే, దువ్వాడలో రెండు నిమిషాల్లో ఎక్కగలిగేంత సామాను పెట్టుకోవడమే నయం. ఎందుకంటే అసలు పరీక్ష దువ్వాడలో కాదు, చెన్నైలో ఉంది. సెంట్రల్‌లో దిగి, దక్షిణానికి వెళ్లే రైలు కోసం ఎగ్మూరుకో తాంబరానికో వెళ్లాల్సి రావచ్చు. ఎగ్మూరు దగ్గరే, తాంబరం బాగా దూరం. టికెట్ మీద ఏ స్టేషన్ రాసి ఉందో ఇప్పుడే చూసుకో. రైల్వే వాళ్లు స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ తలకి 40 కిలోలు తెచ్చుకోమంటారు. వాళ్లదేం పోయింది, మోసేది మన నడుమే కదా.

ఇక బట్టలు. ఎనిమిది రోజులకి ఎనిమిది జతలు అనుకోకు. ఒంటిమీదున్నది కాక మూడు జతలు చాలు, రాత్రి ఉతుక్కుంటే పొద్దున్నకి ఆరిపోయేవి అయితే. ఆ 'అయితే' దగ్గరే అందరూ దెబ్బతింటారు. మీరు వెళ్లే రోజుల్లో తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతుంటాయి. లాడ్జి గదిలో జీన్స్ ప్యాంటు రెండు రోజులైనా ఆరదు, వాసన మాత్రం వస్తుంది. తడి జీన్స్ బ్యాగులో పెట్టుకుని మోయడం కంటే శిక్ష ఇంకోటి లేదు. ఏది ఆరుతుందో తేల్చడానికి మన ఊరి ఉప్పుగాలి కంటే మంచి పరీక్ష ఏముంది? తీసుకెళ్దామనుకున్న ప్రతి జతా ఒక రాత్రి తొమ్మిదింటికి ఉతికి బాల్కనీలో వెయ్యి. పొద్దున్న ఆరింటికి చెయ్యి పెట్టి చూడు. నడుం పట్టీ దగ్గర, కుట్ల దగ్గర చెమ్మ తగిలితే అది ఇంట్లోనే ఉంటుంది. మా ఇంట్లో ఈ పరీక్షలో మొదట ఓడిపోయేది ఎప్పుడూ టర్కీ టవలే. అందుకే మేం పల్చటి కాటన్ తువ్వాళ్లే తీసుకెళ్తాం. ఉతికిన బట్టని పొడి తువ్వాల్లో పెట్టి చాపలా చుట్టి, ఇద్దరు చెరో కొస పట్టుకుని గట్టిగా మెలిపెడితే సగం నీళ్లు తువ్వాల్లోకి వెళ్లిపోతాయి. దండేనికి తాడు కొనక్కర్లేదు, ఒక పొడుగాటి లంగా నాడా, పది పిన్నీసులు చాలు. కిటికీ ఊచకీ తలుపు గడియకీ కట్టేస్తే ఫ్యాన్ కింద ఆరిపోతాయి.

నువ్వొక చీర తక్కువే పెట్టుకో. మదురై వెళ్లి సుంగుడి చీర కొనకుండా వచ్చిన ఆడమనిషిని నేను చూడలేదు. నూలుచీరే కాబట్టి అక్కడే ఒకసారి ఉతికి కట్టేసుకోవచ్చు. అత్తగారికీ ఇదే మాట చెప్పు, కొంటానంటే ఆవిడ పట్టుచీర తనంతట తనే బీరువాలో పెట్టేస్తారు.

మీరు తిరిగే గుళ్లలో కట్టుబాట్లు ఉన్నాయి, వాటిని బట్టి బట్టలు ఎంచుకుంటే రెండు పనులు ఒక్క జతతో అయిపోతాయి. తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి గుళ్లోకి మగవాళ్లు పంచె కట్టుకుని, చొక్కా లేకుండా వెళ్లాలి. కన్యాకుమారి అమ్మవారి దగ్గరా మగవాళ్లు చొక్కా విప్పాల్సిందే. అందుకని తండ్రికీ కొడుక్కీ చెరో పంచె పెడితే రెండు చోట్లా నడుస్తుంది, రైల్లో అదే దుప్పటి కూడా అవుతుంది. పద్మనాభస్వామి దగ్గర ఆడవాళ్లకి చీర గానీ, లంగా వోణీ గానీ. చుడీదార్ వేసుకుంటే దానిమీద పంచె చుట్టుకోమంటారు. మీ అమ్మాయికి లంగా వోణీ ఒక జత పెట్టుకోమని చెబితే అన్ని గుళ్లకీ అదే సరిపోతుంది. ఇష్టం లేదంటే బలవంతపెట్టకు, పంచె చుట్టుకుంటుంది.

రామేశ్వరం సంగతి వేరు. ముందు అగ్నితీర్థంలో, అంటే సముద్రంలో ముంచుతారు. తర్వాత గుళ్లో 22 తీర్థాల దగ్గర బకెట్లతో తోడి నెత్తిన పోస్తారు. తడిబట్టలతో దర్శనానికి వెళ్లనివ్వరు, పొడిబట్టలు మార్చుకోవాలి. కాబట్టి ఆ రోజుకి పాతబడ్డ ముదురు రంగు బట్టలు వేసుకోండి, తడిస్తే ఒంటికి అతుక్కుని కనబడని రకం. పొడి జతలన్నీ ఒకే సంచిలో పెట్టుకుని, తీర్థాలు తిరగని మనిషి ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర ఉంచండి. మీ ఇంట్లో అది బహుశా అత్తగారే. తడిబట్టలకి పది కిలోల బియ్యం సంచి ఒకటి మడిచి పెట్టుకో, ఆ ప్లాస్టిక్ నేత సంచిలోంచి నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. ఇసుక కూడా చాలావరకు అందులోనే రాలుతుంది. అన్నట్టు, 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన మొదలుపెట్టాక రైలు మళ్లీ రామేశ్వరం దాకా వెళ్తోంది. అంతకుముందు రెండేళ్లకి పైగా ఇవతలి ఒడ్డునే దిగి సామానుతో బస్సో ఆటోనో వెతుక్కోవాల్సి వచ్చేది. మీకా కష్టం తప్పింది.

ఏది ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. అది నాకు మా నాన్న నేర్పాడు. ఆయన వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డు. 2022 నుంచి గార్డుల్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారుట, మా నాన్న వింటే నవ్వేవాడు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైన్‌లో ఆయన డ్యూటీ, ఇనుప ఖనిజం బండ్లు. గార్డుకి లైన్ బాక్సు అని ఒక ఇనప్పెట్టె ఉండేది. నల్ల రంగు, మూతమీద తెల్ల అక్షరాలతో పేరు. అందులో ఎర్రజెండాలు, పచ్చజెండా, చేతి లాంతరు, ప్రమాద హెచ్చరికకి పట్టాలమీద పెట్టే పటాసుల డబ్బా, మందుల పెట్టె, ఆయన లుంగీ, ఒక గ్లాసు, ఒక పుస్తకం. చిన్నప్పుడు నేనొకసారి ఆ పెట్టెలో లాంతరు తీసి ఆడుకుని, తిరిగి జెండాల వైపు పెట్టేశాను. ఆయన తిట్టలేదు. నా కళ్లమీద తువ్వాలు కట్టి "లాంతరు తియ్యి" అన్నాడు. చెయ్యి పెట్టి వెతికాను, జెండా కర్ర గుచ్చుకుంది గానీ లాంతరు దొరకలేదు. "అనంతగిరి సొరంగంలో బండి ఆగితే ఇదే చీకటి" అన్నాడు. మళ్లీ ఆ పెట్టె జోలికి వెళ్లలేదు.

మీ ప్రయాణంలో ఆ సొరంగం రాత్రి రెండింటికి వస్తుంది. బోగీలో లైట్లు ఆర్పేసి ఉంటారు, అబ్బాయి కడుపునొప్పి అంటాడు. అప్పుడు సూట్‌కేసు బోర్లించి, కవర్లు గరగరలాడించి బోగీ మొత్తాన్ని లేపకుండా మందు తీయగలగాలి. అందుకని ప్రతి బ్యాగులోనూ పై జేబు రాత్రికి కావాల్సినవాటికే ఉంచాలి. బ్రష్షు, తువ్వాలు, మాత్రలు, చార్జరు, అంతే. నల్లటి చార్జర్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి నెయిల్ పాలిష్‌తో ఎవరిది వాళ్లకి ఒక చుక్క పెట్టు. బట్టలు మడతపెట్టే కంటే చుట్టచుట్టి ఒక జతకి సంబంధించినవన్నీ ఒకే చుట్టలో ఉంచితే, పొద్దున్న ఒక చుట్ట లాగితే ప్యాంటు, చొక్కా, బనీను అన్నీ వస్తాయి. గరగరలాడే కవర్ల బదులు పాత దిండు గలీబులు వాడు. మాసిన బట్టలకి కూడా అవే.

ఇంత చెప్పిన మా నాన్న కుటుంబంతో బయల్దేరితే ఎలా ఉండేదో అడగవా? మా అమ్మ హోల్డాలు, నీళ్ల మరచెంబు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట సిద్ధం చేసేది. ఆయన నోరెత్తేవాడు కాదు. ప్రతి జంక్షన్‌లోనూ వేలితో చూపిస్తూ ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెట్టుకునేవాడు, అంతే. ఆ లెక్క మాత్రం మీరూ పెట్టుకోండి. దిగేముందూ, ఎక్కాకా ఆరు అని అబ్బాయి చేత పైకి లెక్కపెట్టించు. ఆ ఉద్యోగం వాడికి నచ్చుతుంది.

అత్తగారి మాత్రల గురించి నేను వేరే చెప్పేదేముంది, ఒకసారి అనుభవించారు. మాత్రలు ఆవిడ భుజానున్న చేతిసంచిలోనే ఉండాలి. ఎనిమిది రోజులకి కాదు, పన్నెండు రోజులకి. అందులో నాలుగు రోజులవి విడిగా నీ బ్యాగులో. స్ట్రిప్పులోంచి ఊడదీసి డబ్బాలో పోయకు, పేరు కనబడాలి. మందుల చీటీ ఫోటో అందరి ఫోన్లలోనూ ఉండనీ.

ఫోన్ల దగ్గర ఒక చిక్కుంది. మదురై మీనాక్షి గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, బయట అప్పగించాలి. నాలుగు గోపురాలు ఒకేలా కనబడే గుడి అది. లోపల జనంలో తప్పిపోతే ఫోన్ చేద్దామంటే ఫోను లేదు. లోపలికి వెళ్లేముందే ఏ గోపురం దగ్గర కలవాలో చెప్పుకోండి. పిల్లల జేబుల్లోనూ, అత్తగారి చేతిసంచిలోనూ లాడ్జి పేరు, నీ నెంబరు రాసిన కాగితం పెట్టు. ఈ రోజుల్లో మొగుడి నెంబరు కూడా ఎవరికీ నోటికి రాదు.

తిండి విషయంలో నువ్వు అత్తగారితో గొడవపడకు, ఓడిపోతావు. అయినా ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు, ఆ వయసులో బయటి కారాలు పడవు. మొదటి రోజు రాత్రికి పులిహోర కట్టుకోండి, చింతపండు పులుపుకి పాడవదు. మర్నాటికి చపాతీలు. ఆవకాయ సీసాలో వద్దు, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించండి, నిలువుగా ఉంచండి. అంతకంటే కరివేపాకు కారమో కందిపొడో నయం, నూనె కారదు. రైస్ కుక్కర్ మాత్రం ఈసారి ఇంట్లోనే. రైల్లో సాకెట్లు ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ మాత్రమే ఉద్దేశించినవి. లాడ్జిలో దొంగచాటుగా వండి, ఆ గిన్నె బాత్రూంలో కడుక్కోవడం సెలవు ఎలా అవుతుంది?

చెన్నైలో చుట్టాలింటికి వెళ్తే మాడుగుల హల్వా తీసుకెళ్లాలనిపిస్తుంది. తీసుకెళ్లు, కానీ అరకిలో. పిల్లలున్న ఇంటికైతే ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇంకా మేలు, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు.

వచ్చేటప్పుడు విమానం కాబట్టి లెక్క మారుతుంది. మామూలుగా తలకి 15 కిలోలు కౌంటర్లో ఇచ్చి లోపలేసే సామాను, 7 కిలోలు చేతి సామాను. నీ టికెట్ మీద ఏముందో చూసుకో. నువ్వు వెళ్లేటప్పుడు తక్కువ తీసుకెళ్లడం మీ నడుముల కోసమే కాదు, కన్యాకుమారిలో పిల్లలు కొనే గవ్వల బొమ్మలకీ, కేరళ అరటి చిప్స్‌కీ చోటు కోసం కూడా. ఎండుకొబ్బరి కొనకు, నూనె ఎక్కువ కాబట్టి అంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. కొబ్బరినూనె, మిగిలిన ఆవకాయ చేతి బ్యాగులో పెడితే తనిఖీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు. పవర్‌బ్యాంకు సంగతి మాత్రం దీనికి ఉల్టా, చేతి బ్యాగులోనే ఉండాలి, లోపలేసే సామానులో పెట్టకూడదు. మడిచిపెట్టిన గుడ్డసంచి ఒకటి మొదట్నుంచీ నీ బ్యాగు అడుగున ఉండనీ.

ఇంకొక్క సంగతి. ప్రయాణం ముందురోజు రాత్రి, అన్నీ సర్దేశాక, మీ ఇంట్లో ఎవరో ఒకరు ఏడో సంచి పట్టుకొస్తారు. 'ఒకవేళ చలేస్తే', 'ఒకవేళ వానొస్తే' అంటారు. నేను ఒకసారి పూరీ వెళ్తూ ఒకవేళ అని టార్చిలైటు, వేడినీళ్ల సంచి, రెండు గొడుగులు మోసుకెళ్లి, ఒక్కటీ బయటికి తీయకుండా మోసుకొచ్చాను. గొడుగు మీకు ఈసారి నిజంగానే కావాలి, ఒకటి చాలు. మిగతాదానికి వద్దని వాదించకు. తెచ్చినవాళ్లే మోయాలని మాత్రం చెప్పు. ఆ మాటకి ఏడో సంచి సగంసార్లు తిరిగి గదిలోకి వెళ్లిపోతుంది.

జంతికలకి పిండి ఆడించేశారు కదా, మానొద్దు. వాము కాస్త ఎక్కువ వెయ్యమని అత్తగారితో నా మాటగా చెప్పు.